పిచ్చివాడన్న ముద్ర ఫిర్యాదును చెరిపివేయదు

విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్ పరిసరాల్లో బ్రతికే కుటుంబాలకు రెండు ప్రభుత్వ ఆసుపత్రులు బాగా తెలుసు. ఒంటికి జబ్బు చేస్తే కింగ్ జార్జి ఆసుపత్రి, మనసుకు జబ్బు చేస్తే చినవాల్తేరు మానసిక వైద్యశాల. రెండూ బీదవారిని ఆదుకుంటున్న సంస్థలే. అయితే ఒక మనిషి "నన్ను కొట్టారు" అని మొరపెట్టుకుంటే, ఆ మొర వినవలసినవారు "అతనికి మతి సరిగా లేదు" అని జవాబిస్తే ఏమవుతుంది? కొట్టిన మాట నిజమా కాదా అన్న ప్రశ్న పక్కకు పోతుంది. కొట్టినవారికి బదులు దెబ్బలు తిన్నవాడే బోనులో నిలబడతాడు.

ఈ ప్రశ్న విశాఖ నగరంలోనే ఒకసారి హైకోర్టు దాకా వెళ్లింది. డాక్టర్ కె.సుధాకర్ నర్సీపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో మత్తు వైద్యుడు. కరోనా ప్రబలుతున్న రోజుల్లో, 2020 ఏప్రిల్‌లో, వైద్యులకు సరిపడా మాస్కులు లేవని బహిరంగంగా చెప్పారు. ప్రభుత్వం ఆయనను సస్పెండ్ చేసింది. అదే ఏడాది మే 16న విశాఖలో పోర్టు ఆసుపత్రి దగ్గర పోలీసులు ఆయన చేతులు వెనక్కు విరిచికట్టారు. చొక్కా లేకుండా రోడ్డు మీద పడి ఉన్న ఆయన దృశ్యాలను దేశమంతా చూసింది. ఆయన మద్యం సేవించి రోడ్డు మీద గొడవ చేశారని పోలీసులు చెప్పారు. కింగ్ జార్జి ఆసుపత్రికి తీసుకువెళితే, అక్కడినుంచి మానసిక వైద్యశాలకు పంపారు. తాత్కాలికంగా వచ్చే తీవ్ర మానసిక రుగ్మత అని వైద్యులు పేరు పెట్టారు. తనకు ఇస్తున్న మందుల మీద ఆయన అభ్యంతరం తెలిపారు. కుటుంబం ఆ నిర్ధారణను ఒప్పుకోలేదు.

ఇక్కడ న్యాయస్థానం ఏం చేసిందో గమనించాలి. ఒక రాజకీయ నాయకురాలు రాసిన లేఖను హైకోర్టు పిటిషన్‌గా స్వీకరించింది. ఆయనకు పిచ్చి ఉందా లేదా అని తేల్చేదాకా ఆగలేదు. న్యాయాధికారిని ఆసుపత్రికే పంపి వాంగ్మూలం నమోదు చేయించింది. ప్రభుత్వ నివేదికలో ఒక గాయమే ఉంటే, న్యాయాధికారి నివేదికలో ఆరు గాయాలు ఉన్నాయి. మే 22న కేసును సి.బి.ఐ.కి అప్పగించింది. ఆయన తల్లి హెబియస్ కార్పస్ పిటిషన్ వేశారు. జూన్ 5న, ఆయన కోరుకుంటే ఆసుపత్రి నుంచి వెళ్లిపోవచ్చునని కోర్టు స్పష్టం చేసింది. ఆ తరువాత ఏడాది తిరగకముందే, 2021 మే 21న, ఆయన గుండెపోటుతో మరణించారు. న్యాయం తలుపు తెరుచుకుంది గానీ, దాని ఫలం చూడడానికి ఆయన మిగలలేదు.

ఈ ఉదంతం మనకు చెప్పేది ఒక్కటే. దెబ్బల ప్రశ్న వేరు, జబ్బు ప్రశ్న వేరు. ఒకవేళ జబ్బు నిజమే అనుకున్నా, జబ్బు మనిషిని కొట్టే హక్కు ఎవరికి ఉంది? జబ్బున్నవాడి ఒంటి మీది గాయం గాయం కాకుండా పోతుందా?

సుధాకర్ డాక్టరు. ఆయన బాధకు వీడియో సాక్ష్యం ఉంది. పడవ నుంచి చేపల బుట్టలు దించే కూలీకీ, చేపలు ఎండబెట్టుకునే మహిళకూ ఏముంది? భర్త వేటకు వెళ్లి రోజుల తరబడి సముద్రం మీద ఉన్నప్పుడు, ఇంట్లో కొట్టినవారే "దీనికి పిచ్చి పట్టింది, జిన్ను పట్టింది" అని ప్రచారం చేస్తే ఆ ఇల్లాలు ఎవరికి చెప్పుకోవాలి? అందుకే చట్టం ఏం చెబుతుందో ప్రతి ఇంటికీ తెలియాలి.

2018 మే 29 నుంచి అమలులో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ఒకరి మతాన్ని బట్టి గానీ, సామాజిక స్థితిని బట్టి గానీ, ఇంటి కట్టుబాట్లకు ఎదురు తిరిగారని గానీ మానసిక రోగి అని తేల్చరాదు. గతంలో చికిత్స పొందినంత మాత్రాన ఇప్పుడూ రోగే అనరాదు. ఇష్టం లేకుండా చేర్చాలంటే ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, వారిలో ఒకరు మానసిక వైద్యులై ఉండాలి. ఆ చేర్పు మొదట 30 రోజులకు మించరాదు. మహిళను అలా చేర్చితే 3 రోజుల్లో, పురుషుడినైతే 7 రోజుల్లో సమీక్షా బోర్డుకు తెలపాలి. పోలీసులు రక్షణలోకి తీసుకున్న మనిషిని లాకప్పులో పెట్టరాదు, 24 గంటల్లోగా ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి.

నిర్ధారణ తప్పని అనుకునేవారికి కూడా ఈ చట్టంలో దారి ఉంది. కోర్టులో ఒకరు "ఈమె మానసిక రోగి" అని ఆధారం చూపించి, ఎదుటివారు దాన్ని కాదంటే, ఆ విషయాన్ని కోర్టు బోర్డు పరిశీలనకు పంపాలి. బోర్డు నిర్ణయం మీద 30 రోజుల్లో హైకోర్టుకు వెళ్లవచ్చు. తన వైద్య రికార్డులు అడిగి తీసుకునే హక్కు రోగికి ఉంది. ఇక సాక్ష్యం మాటకొస్తే, అడిగిన ప్రశ్న అర్థం చేసుకుని తెలివిగా జవాబు చెప్పగలిగితే చాలు, మానసిక రుగ్మత ఉన్నవారి సాక్ష్యమైనా చెల్లుతుంది. పాత సాక్ష్య చట్టం ఇదే చెప్పింది, 2024 జూలై 1న వచ్చిన కొత్త చట్టమూ ఇదే చెబుతోంది.

కన్నవారికైనా ఈ విషయంలో మినహాయింపు లేదు. వయసు వచ్చిన ఒక యువతిని తల్లిదండ్రులు పోలీసుల అండతో బలవంతంగా మానసిక చికిత్సాలయానికి తరలించడం చట్టవిరుద్ధమని 2018 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పింది.

మరోవైపు, మానసిక రోగమే లేదని వాదించడమూ పొరపాటే. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా దగ్గర నడుస్తున్న ఒక ప్రైవేటు ఆశ్రయంలో మంటలు లేచి 28 మంది రోగులు మరణించారు. వారిని గొలుసులతో కట్టి ఉంచారు, పరుగెత్తడానికి వీలు లేకపోయింది. ఈనాటి చట్టం గొలుసులను ఏ రూపంలోనూ ఒప్పుకోదు. రోగికి వైద్యం కావాలి, గౌరవమూ కావాలి.

మరి బాధితులు ఏం చేయాలి? మొదట గాయాలు మానకముందే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి, "ఫలానావారు కొట్టారు" అని చెప్పి రికార్డులో రాయించుకోవాలి. మందుల చీటీలు, తేదీలు, ఫోటోలు దాచుకోవాలి. మరో మానసిక వైద్యుని అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకోవాలి. స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకపోతే పోలీసు కమిషనర్‌కు పోస్టులో పంపాలి, అప్పటికీ కదలిక లేకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించాలి. ఇంట్లో హింసకు గురైన స్త్రీకి 2005 నాటి గృహహింస చట్టం మతంతో నిమిత్తం లేకుండా వర్తిస్తుంది. లాయరుకు డబ్బు లేదని ఆగనక్కరలేదు. మహిళలకూ, మానసిక రుగ్మత ఉన్నవారికీ ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. 15100 నంబరుకు ఫోను చేస్తే చాలు.

మస్జిద్ కమిటీ పెద్దలకూ, ఇంటి పెద్దలకూ మా మనవి ఒకటుంది. భార్యాభర్తల తగాదా మీ ముందుకు వచ్చినప్పుడు "ఆమెకు మతి లేదు" అన్న మాట వినిపిస్తే, దానితో పంచాయితీ ముగించకండి. ముందు ఆమె చెప్పేది ఆమె నోటితోనే వినండి. జబ్బు ఉంటే డాక్టరు చూస్తారు, దెబ్బ ఉంటే చట్టం చూస్తుంది. ఒకదాన్ని చూపించి మరొకదాన్ని కప్పిపుచ్చే అవకాశం మాత్రం మనం ఎవరికీ ఇవ్వకూడదు.