నడిబజారు జాగ ఎవరిది? సాంచె నడిపెటోడు ఊరవతలికేనా?

సిరిసిల్ల గాంధీచౌక్‌ల ఓ పది నిమిషాలు నిలబడి సూడండి. పాత పెంకుటిండ్లు కూలుతున్నయి. ఆ జాగల నాలుగంతస్తుల బిల్డింగులు లేస్తున్నయి. కింద షెటర్లు, పైన కిరాయి పోర్షన్లు. గేటుకు ‘టు లెట్’ బోర్డు. ఊరు పెరుగుతున్నదని మురిసిపోతున్నం. కాని ఆ బోర్డు ఎవరిని రమ్మంటున్నది, ఎవరిని పొమ్మంటున్నది?

ఈ ఊరిని ఊరు చేసింది సాంచె. పగలు షిఫ్టు, రాత్రి షిఫ్టు నిలబడి, మీటరు లెక్కన కూలి తీసుకునే నేత కార్మికుడు. వార్పిన్ పనోడు, వైపని చేసెటోడు. ఇంటికాడ ఆకు కత్తిరించి బీడీలు చుట్టే ఆడబిడ్డ. వీళ్లల్ల సగం బతుకులు కిరాయి ఇండ్లల్లనే తెల్లారినయి. బి.వై. నగర్ గల్లీల రాత్రి పన్నెండింటికి సాంచె సప్పుడు విన్నోనికి ఈ మాట ఎవరూ చెప్పే పనిలేదు.

2016 అక్టోబర్ 11న సిరిసిల్ల జిల్లా అయింది. ఊకెనే కాలేదు. ముందు అనుకున్న జాబితాల మన పేరే లేదు. జనం రోడ్డెక్కితే, కొట్లాడితే వచ్చింది. జిల్లా వచ్చినంక కలెక్టరేట్ వచ్చింది, ఉద్యోగులు వచ్చిండ్రు. 2023 సెప్టెంబర్‌ల మెడికల్ కాలేజీ మొదలైంది, విద్యార్థులు వచ్చిండ్రు. రావాలె. దాని కోసమే కదా కొట్లాడింది! కాని వచ్చినోళ్లకు ఉండేటందుకు ఇల్లు ఏదని సర్కారు ఒక్కనాడన్న సోచాయించిందా? ఆ లెక్కను బజారుకు వదిలేసింది. బజారుకు ఒక్కటే లెక్క తెలుసు. ఎవడు ఎక్కువిస్తే వానికే తాళంచెవి.

జీతగానికీ కూలోనికీ పంచాయతి పెట్టుడు నా ఉద్దేశం కాదు. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగికి నెలల కొద్దీ జీతం రాకుంటే ఇంటాయన ముంగట తల దించుకునేది అతనే. హాస్టల్ సీటు దొరకని పిల్లగాడు నలుగురి తోటి ఒక రూంల ఒదిగేది అందుకే. కిరాయి బాధ అందరిదీ ఒక్కటే.

‘మండెపల్లిల ఇండ్లు కట్టలేదా?’ అని అడుగుతరు. కట్టిండ్రు. 2021 జులై 4న 1,320 డబుల్ బెడ్‌రూం ఇండ్లు ఇచ్చిండ్రు. ఒక్కోటి 560 చదరపు అడుగులు. దక్కినోళ్ల మొఖాల్ల వెలుగు కండ్లార చూసినం. సొంతిల్లు పేదోని ఆత్మగౌరవం, కాదనెటోడు లేడు. కాని మానేరు దాటి, తంగళ్లపల్లి దాటి ఉన్నది ఆ కాలనీ. అర్ధరాత్రి షిఫ్టు దిగినోడు దేని మీద పోవాలె? బీడీ కట్టలు అప్పజెప్పి ఆకు, తంబాకు తెచ్చుకునే ఆడబిడ్డకు రోజూ ఆటో కిరాయి ఎవరిస్తరు? పని నడిఊర్ల, పక్క ఊరవతల!

2024 మార్చి 11న భద్రాచలంల ఇందిరమ్మ ఇండ్లు మొదలుపెట్టిండ్రు. 5 లక్షలు ఇస్తమన్నరు. ఎవరికి? మొదటి విడతల సొంత జాగ ఉన్నోళ్లకు. కిరాయికి ఉండెటోనికి జాగే ఉంటే కిరాయికి ఎందుకుంటడు సారూ? పార్టీలు మారినయి, పథకాల పేర్లు మారినయి. కిరాయిదారు మాత్రం ఏ లిస్టులకూ ఎక్కలేదు.

ఢిల్లీ కథ సూద్దాం. 2020ల వలస కూలీలు కాలినడకన వందల మైళ్లు పోతే అప్పుడు సోయికొచ్చి అద్దె ఇండ్ల సముదాయాల పథకం తెచ్చిండ్రు. 2024ల వచ్చిన ప్రధానమంత్రి ఆవాస్ పట్టణ 2.0 నాలుగు భాగాల్ల ఒకటి అద్దె ఇండ్లదే. నమూనా అద్దె చట్టానికి కేంద్ర కేబినెట్ ఒప్పుకున్నది 2021 జూన్ 2న, సరిగ్గా మన ఆవిర్భావ దినం నాడే! ఇంటికి రెండు నెలల కిరాయికి మించి అడ్వాన్సు అడగొద్దని అందుల ఉన్నది. ఆ హద్దు మన గల్లీల ఏ గేటు మీదన్న కనబడ్డదా?

సర్కారు ఇండ్లు కట్టి కిరాయికి ఇచ్చుడు కొత్త ముచ్చట కాదు. 1908 మూసీ వరద తర్వాత, 1912ల హైదరాబాద్‌ల సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టిండ్రు. ఇరుకు బస్తీల జాగల పేదలకు ఇండ్లు కట్టి నెల కిరాయికి ఇచ్చిండ్రు. నిజాం కాలంల అయిన పని ప్రజల రాజ్యంల ఎందుకు కాదు?

నా ముచ్చట ఒకటి చెప్త. 2011 సకల జనుల సమ్మె నాడు నేను డిగ్రీ చదువుతున్న. నలుగురం ఒక రేకుల రూంల ఉండెటోళ్లం. పోస్టర్లు రాసింది ఆ రూంలనే. ఒక పొద్దున ఇంటాయన వచ్చి మూట కట్టుకొమ్మన్నడు. ఇంకో గల్లీకి పోతే ముందుగాల అడిగింది పేరు కాదు, కులం. 42 రోజుల సమ్మెల మాకు భయమైంది లాఠీకి కాదు, తాళానికి. ఉద్యమం సగం కిరాయి రూంలల్లనే పుట్టింది. ఆ రూంలకే ఇయ్యాల దిక్కులేదు.

అందుకే అడుగుతున్నం. నడిఊర్ల ఉన్న సర్కారు జాగ, మున్సిపాలిటీ జాగ ఒక్క గజం కూడ వేలం పెట్టొద్దు. ఉత్త షాపింగ్ కాంప్లెక్సులు కట్టొద్దు. కింద షెటర్లు పెట్టుండ్రి, పైన కిరాయి ఇండ్లు కట్టుండ్రి. షెటర్ల కిరాయి పైసలు పై ఇండ్ల మరమ్మతుకే పెట్టుండ్రి. అప్పుడు ‘సర్కారు క్వార్టర్లు పాడుబడతయి’ అనే సాకు చెల్లదు. కిరాయి కూలిని చూసి కట్టాలె, బజారును చూసి కాదు. కులం అడగొద్దు. తాళంచెవి మున్సిపాలిటీ చేతులనే ఉండాలె, కాంట్రాక్టర్ జేబుల కాదు.

కౌన్సిలర్లు ఓట్లకొచ్చినప్పుడు ఈ ఒక్క సవాలు ఏయండి. కార్మిక సంఘాలు, విద్యార్థి సంఘాలు, ఉద్యోగ సంఘాలు వేరువేరుగా కాదు, ఒక్క దరఖాస్తు మీద సంతకాలు పెట్టాలె.

రాష్ట్రం మనదైంది. జిల్లా మనదైంది. నడిబజారు ఎవరిదో తేలాల్సే ఉన్నది!