కోన్లు కర్ర చాచవు

ఐస్ హాకీ కర్రతో పక్‌ను అదుపులో ఉంచుకోవడం నేర్పే కోచ్‌లలో చాలామంది నమ్మే క్రమం ఒకటుంది: ముందు చేతులకు సాధన కావాలి, ఆట ఆ తర్వాత. రింకులో బారుగా ప్లాస్టిక్ కోన్లు పెట్టి, వాటి మధ్య మెలికలు తిరుగుతూ పక్‌ను నడపమంటారు. ఒక్క కోనూ పడకుండా చివరిదాకా వెళ్లిన పిల్లవాడికి విద్య అబ్బినట్టు లెక్క. నిజానికి వాడికి అబ్బింది కోన్ల మధ్య తిరగడం మాత్రమే.

విశాఖలోని గోపాలపట్నంలో ఐస్ హాకీ ప్రస్తావన విడ్డూరంగా తోచవచ్చు. విశాఖలో ఐసు అంటే ఫిషింగ్ హార్బరుకు వెళ్లే దిమ్మలే. దేశంలో ఈ ఆట వేళ్లూనుకున్నది లద్దాఖ్‌లో. కానీ దాని దగ్గరి చుట్టం రోలర్ హాకీ ఇక్కడికి పరాయిది కాదు. ఎన్ఏడీ జంక్షన్ మీదుగా వెళ్లి చేరగలిగే దూరంలోనే, బీచ్ రోడ్డు వుడా పార్కులోనూ శివాజీ పార్కులోనూ స్కేటింగ్ రింకులున్నాయి. ఐస్ హాకీ పక్ 7.62 సెంటీమీటర్ల వ్యాసం, 2.54 సెంటీమీటర్ల మందం, 156 నుంచి 170 గ్రాముల బరువు ఉండే రబ్బరు బిళ్ల. రోలర్ హాకీ బంతి సుమారు 155 గ్రాములు. మంచు మీద బిళ్ల జారుతుంది, నేల మీద బంతి దొర్లుతుంది. చేతికి తెలిసే బరువు మాత్రం ఇంచుమించు ఒకటే. మంచు లేనిదే ఈ పాఠం మొదలుకాదనేవాళ్లకు ఆ గ్రాములే సమాధానం.

చేతుల పని చెప్పడానికి ఎక్కువసేపు పట్టదు. ఐస్ హాకీలో పై చెయ్యి కర్ర కొసను పట్టుకుని మణికట్టుతో బ్లేడును తిప్పుతుంది. కింది చెయ్యి వదులుగా ఉండి, అవసరాన్నిబట్టి కర్ర మీద పైకీ కిందికీ జారుతుంది. పై చెయ్యి పొట్టకు అతుక్కుపోతే కర్ర ఒక పక్కకే పనిచేస్తుంది. కొత్తవాళ్లందరూ చేసే తప్పు ఇదే. ఈ పట్టు కుదరడానికి మొదటి కొద్దిరోజులు నిలబడిన చోటే బంతిని అటూ ఇటూ ఆడించడం మంచిదే. పేచీ ఆ తర్వాతి సంగతితో.

కోను కదలదు, కర్ర చాచదు, మీదికి రాదు. ఎదుటి ఆటగాడు ఈ మూడూ చేస్తాడు. అతని కర్ర ఎంతదూరం అందుతుందో అంచనా కట్టి, ఆ గీత దాటకముందే బంతిని పక్కకు తప్పించాలి. లేదా అతని కర్రకూ కాళ్లకూ మధ్య ఉన్న సందులోంచి దూర్చాలి. లేదా ఒంటిని అడ్డుపెట్టి కాచుకోవాలి. ఏది ఎప్పుడన్న నిర్ణయంలోనే అసలు నేర్పు ఉంది. పైగా కోను కళ్లను కిందికి లాగుతుంది. తల ఎత్తమని కోచ్ గట్టిగా అరుస్తూనే ఉంటాడు, పైకి చూస్తే కనబడేది ఏమీ లేనప్పుడు ఎందుకు ఎత్తాలో పిల్లవాడికి అర్థంకాదు. స్కేటింగ్‌లోనే ఫ్రీస్టైల్ స్లాలమ్ అనే పోటీ ఉంది. అక్కడ కోన్లే ఆట. హాకీలో అవి ఆట కావు.

కోన్ల పక్షంవాళ్లు తప్పకుండా ముందుకు తెచ్చే పేరు వేన్ గ్రెట్జ్‌కీ. కెనడాలోని బ్రాంట్‌ఫర్డ్‌లో తండ్రి వాల్టర్ పెరట్లో మంచు రింకు వేసి, డబ్బాలు పేర్చి, వాటి చుట్టూ తిప్పించిన మాట నిజం. అయితే ఆరేళ్ల వయసులోనే అతను పదేళ్ల పిల్లల జట్టులో ఆడాడన్నదీ, టీవీలో మ్యాచ్ చూస్తూ పక్ ఎటు పోతుందో కాగితం మీద గీతలు గీసేవాడన్నదీ అంతే నిజం. తనకంటే పెద్దవాళ్ల మధ్య పక్‌ను కాపాడుకోవాల్సిన అవసరాన్నీ, ఆటను చదివే అలవాటునూ వదిలేసి డబ్బాలకే ఘనత కట్టబెట్టడం అనుకూలమైనదాన్ని ఏరుకోవడమే.

ఒకే కదలికను మార్పులేకుండా వందలసార్లు చేస్తే అది ఒంటికి పడుతుందన్న నమ్మకానికీ బలం తక్కువే. 1920ల్లో మాస్కోలో నికొలాయ్ బెర్న్‌స్టీన్ ఉలి మీద సుత్తి దెబ్బలు కొట్టే పనివాళ్లను చిత్రీకరించి పరిశీలించాడు. దెబ్బ ప్రతిసారీ సరిగ్గానే పడుతోంది, భుజం, మోచెయ్యి, మణికట్టు మాత్రం ఏ రెండుసార్లూ ఒకేలా కదలడం లేదు. ఉక్కు కర్మాగారం, నౌకానిర్మాణ కేంద్రం ఉన్న విశాఖలో దీన్ని నమ్మించడానికి కష్టపడనక్కర్లేదు. 1979లో జాన్ షే, రాబిన్ మోర్గాన్ చేసిన ప్రయోగంలో చేతి కదలికలను కలగాపులగంగా సాధన చేసినవాళ్లు మొదట్లో వెనకబడ్డారు; పదిరోజుల తర్వాత పరీక్షిస్తే వాళ్లకే బాగా గుర్తుంది. కోన్ల సాధన మొదటిరోజే చక్కగా కనిపిస్తుంది. గ్యాలరీలో కూర్చున్న తల్లిదండ్రులకు నచ్చడానికి కారణమూ అదే.

అమెరికా హాకీ సంఘం 2009లో తెచ్చిన శిక్షణ విధానం ఎనిమిదేళ్లలోపు పిల్లలను రింకు అడ్డంగా, చిన్న భాగాల్లో ఆడిస్తుంది. చోటు తగ్గితే బంతి ఎక్కువసార్లు తగులుతుంది, ఎదుటివాడు త్వరగా మీదికొస్తాడు. రోలర్ హాకీ రింకు మామూలుగా 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు. దాన్ని మూడు ముక్కలు చేస్తే ఒకేసారి మూడు ఆటలు నడుస్తాయి. నాలుగు కోన్లు గోల్‌పోస్టులుగా సరిపోతాయి. మొదట ఎదుటివాడికి కర్ర ఇవ్వకుండా ఒంటితో మాత్రమే అడ్డుకోమనాలి, తర్వాత కర్రను తలకిందులుగా పట్టించాలి, ఆ తర్వాత మామూలుగా. ఒకరిపై ఒకరు, ఇద్దరిపై ఒకరు, ముగ్గురిపై ముగ్గురు. ఎవరు ఎంత నేర్చారో తేల్చడానికి స్టాప్‌వాచ్ పనికిరాదు. ఎదుటివాడు మీదికొచ్చినప్పుడు బంతి ఎన్నిసార్లు నిలిచింది, ఖాళీగా ఉన్న జతగాడిని ఎన్నిసార్లు చూసి అందించారు అన్నవే లెక్కించాలి.