ఓనర్ ఎక్కడమ్మా?

ఇనుము గురించి మొదలుపెట్టిన ఈ వరుసలో ఇది మూడో భాగం.

సింహాచలం కొండ కింద ఒక రేకుల షెడ్డు ఉంది. లోపల ఒక వెల్డింగ్ మెషీను, ఒక కటింగ్ మెషీను, రెండు గ్రైండర్లు. గేట్లు, గ్రిల్స్, మెట్ల రెయిలింగులు చేస్తారు. దాని ఓనర్ నా పాత విద్యార్థిని. పేరు రాయను, ఆమెకు బ్యాంకుతో ఇంకా పని ఉంది. షెడ్డుకొచ్చినవాళ్లు మొదట అడిగేది ఒకటే: "ఓనర్ ఎక్కడమ్మా?" "నేనేనండి" అంటుంది. కొలతలు చెప్పడం ఆపి ఆమె ముఖం చూస్తారు. తర్వాత ఇంటిపేరు అడుగుతారు. నా గొడవ ఆ రెండో ప్రశ్నతో.

వాళ్ల నాన్న ఉక్కు ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు కింద ఇరవై ఏళ్లు వెల్డింగ్ చేశాడు. అప్పుడు ఆయన ఇంటిపేరు ఎవరికీ పట్టలేదు. ఇనుము మోసినా, కోసినా, నిప్పురవ్వలకి కళ్లు పాడుచేసుకున్నా ఎవరికీ అభ్యంతరం లేదు. బిల్లు పుస్తకం మీద మన పేరు పడ్డప్పుడే కులానికి మెలకువ వస్తుంది.

"విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని 1966లో రోడ్డెక్కారు. 32 మంది ప్రాణాలిచ్చారు. 2021లో కేంద్రం అమ్మకానికి పెడితే మళ్లీ అదే నినాదంతో మనమూ నడిచాం. నడవాలి కూడా. కానీ ఆ హక్కులో కాంట్రాక్ట్ వెల్డర్ కూతురి వాటా ఎంతో ఏ వేదిక మీదా ఎవరూ చెప్పలేదు.

ఇక బ్యాంకు సంగతి. స్టాండప్ ఇండియా 2016 ఏప్రిల్‌లో మొదలైంది. 10 లక్షల నుంచి కోటి దాకా అప్పు. ప్రతి బ్రాంచీ కనీసం ఒక ఎస్సీ లేదా ఎస్టీకి, కనీసం ఒక మహిళకు ఇవ్వాలి. ఆ 'ఒక', 'ఒక' దగ్గర ఆగండి. ఎస్సీ గడిలో మగవాడు, మహిళ గడిలో పై కులం స్త్రీ కూర్చుంటే లెక్క సరిపోతుంది. దళిత స్త్రీకి గడే అక్కర్లేదు. కేంద్ర సంస్థలు చిన్న పరిశ్రమల నుంచి కొనే సరుకులోనూ ఇంతే: ఎస్సీ, ఎస్టీలకు 4 శాతం, మహిళలకు 3 శాతం. రెండు గడుల్లోనూ పేరుండాల్సిన మనిషి రెండింటి మధ్యా జారిపోతుంది.

తాకట్టు లేకుండా ప్రభుత్వ గ్యారంటీ మీద అప్పివ్వొచ్చని ఆ పథకంలోనే ఉంది. కాకపోతే తాకట్టా, గ్యారంటీయా అన్నది బ్యాంకు ఇష్టం. ఆ ఇష్టంలోనే కులం కాపురం ఉంటుంది. మేనేజరు ఇంటి కాగితాలు అడిగాడు. ఇల్లు అడవివరంలో. పంచగ్రామాల భూమి దేవస్థానానిదా, జనానిదా అన్న తగువు దశాబ్దాలుగా తెగలేదు. ఏటా చందనోత్సవానికి లక్షల మంది వచ్చే కొండ కింద, సొంత ఇంట్లో ఉంటూ సొంత ఇల్లని రుజువు చేసుకోలేని జనం ఉన్నారు. కాగితం లేదు కాబట్టి అప్పు లేదు. చివరికి తల్లి పుస్తెలు కుదువపెట్టి, డ్వాక్రా అప్పు తెచ్చి ఆ మెషీన్లు కొన్నారు. పథకం గడువు 2025 మార్చితో అయిపోయింది. ఆ ఏటి బడ్జెట్‌లో 5 లక్షల మందికి 2 కోట్ల దాకా అని కొత్త మాట వచ్చింది. అంకె పెరిగింది సరే, ఇంటి కాగితం అడిగే నోరు మారుతుందా?

"కల్పనా సరోజ్ లేదా? మునిగిపోయిన కమానీ ట్యూబ్స్‌ని నిలబెట్టింది, పద్మశ్రీ వచ్చింది" అంటారు. ఆమెకి దండం పెడతాను. కానీ ఒక్కరు గోడ దూకారని గోడ లేదంటే ఒప్పుకోను.

ఇప్పుడు మనవాళ్లకో మాట. "గ్రూప్ టూ రాసుకోక ఈ ఇనుప పనేంటమ్మా" అన్నది మన సంఘం పెద్దలే. "వ్యాపారం చేస్తే పెట్టుబడిదారు అయిపోవా" అని ఎగతాళి చేసింది నాతోపాటు జెండా మోసినవాడే. నేనూ తక్కువ తినలేదు. క్లాసులో శ్రీశ్రీ 'ప్రతిజ్ఞ' చెప్తూ కమ్మరి కొలిమి దగ్గర గొంతు పెంచేవాణ్ణి. వెనక బెంచీలో కూర్చున్న ఈ అమ్మాయి వెల్డింగ్ నేర్చుకుంటానంటే మాత్రం "ముందు బీఈడీ చెయ్" అన్నాను. పద్యంలో పనిముట్టుకి చప్పట్లు, ఆడపిల్ల చేతిలో పనిముట్టుకి సలహాలు.

విద్యార్థులారా, పని చెప్తున్నాను. మీ ఊరి బ్యాంకు బ్రాంచీ ఈ తొమ్మిదేళ్లలో ఎంతమంది దళిత స్త్రీలకు స్టాండప్ అప్పిచ్చిందో సమాచార హక్కు కింద అడగండి. ఎస్సీ, మహిళ అని విడివిడిగా కాదు, రెండూ కలిపి అడగండి. మన సభల వేదికలు, హాస్టల్ గ్రిల్స్ ఎవరి చేత చేయిస్తున్నామో చూసుకోండి.

ఆమెకొచ్చిన మొదటి ఆర్డరు ఏంటో తెలుసా? వాడలో అంబేడ్కర్ విగ్రహానికి ఇనుప కంచె. ఎవరో చెయ్యి విరగ్గొడతారన్న భయంతో బాబాసాహెబ్ చుట్టూ మనం కంచె కట్టుకునే దేశం ఇది. ఆ కంచెకి తాళం పెట్టే గడి ఆమే చేసింది. డబ్బులు తీసుకోనంది. "తీసుకో, నువ్వు ఓనర్‌వి" అన్నాను.

తీసుకుని బిల్లు రాసింది. కింద సంతకం తనదే.