చేతిమీది మూడు త్రికోణములు

ఈ మాసము తిథివార నక్షత్రములు గాక వేరొక ప్రశ్న నా యెదుటికి వచ్చినది. అడిగినవాడు నా మేనల్లుడు, ఇరువదిరెండేండ్లవాడు. “మామయ్యా, కుడిచేతి వెనుక పచ్చబొట్టు పొడిపించుకొనవలెనని యున్నది. అమ్మ వలదనుచున్నది. మీరు చెప్పిన వినును” అనెను. ఏమి బొమ్మ యని యడుగగా, చిన్ననాటినుండి తానాడిన వీడియో ఆటలోని మూడు బంగారు త్రికోణములని చెప్పెను.

ఆ ఆట పేరు జెల్డా. జపానుదేశపు నింటెండో వారు 1986లో దానిని వెలువరించిరి. షిగేరు మియామోటో, తకాషి తెజుకా యనువారు దాని రూపకర్తలు. ఆ త్రికోణములకు ట్రైఫోర్సు అని పేరు. ఒకటి బలము, ఒకటి వివేకము, ఒకటి ధైర్యము. శ్రీచక్రము వంటిదేమో యని మా అక్క శంకించినది గాని, కాదు. అది జపానులోని హోజో వంశీయుల చిహ్నమును పోలియుండును. 1998లో వచ్చిన ‘ఆకరీనా ఆఫ్ టైమ్’ అను ఆటలో, సమతూకము లేని మనసుతో ఒక దుష్టుడు దానిని తాకగా అది మూడు ముక్కలయ్యెను. బలము వానికి మిగిలెను. వివేకము రాకుమారి జెల్డాకును, ధైర్యము లింకు అను బాలునకును చేరెను. ఆ గుర్తు వారి చేతి వెనుక వెలుగును. అందువలననే మావాడు చేయియే కోరెను.

ఆ ఆటను వానికి నేర్పినవారు మా బావగారు. పాత యంత్రమును ముందిడుకొని తండ్రికొడుకులు ప్రొద్దుపోవువరకు కూర్చుండెడివారు. బావగారు గతించి రెండేండ్లయినది. ఇది తెలిసియు “ఆటబొమ్మకు పచ్చబొట్టా” యని త్రోసివేయ నాకు మనసొప్పలేదు.

దోషమున్నదా యని అక్క అడిగినది. మా నాయనమ్మ ముంజేతిపై పచ్చబొట్టుండెను. ఆ చేతితోడనే ఆమె నిత్యము దీపము వెలిగించినది. తెలుగునాట ఎరుకల స్త్రీలు మసిని ఆకుపసరుతో నూరి సూదులతో పొడిచెడివారు. 1860 మొదలు 1911 వరకు నాటాలు చెరకుతోటలకు వచ్చిన కూలీల ఓడ పట్టీలలో శరీర చిహ్నములు వ్రాయుటకు ప్రత్యేకముగా ఒక గడి యుండెడిది. దొరలు పేరు తప్పుగా వ్రాసినను మచ్చ తప్పదు గదా! కావున దోషమను మాట నేననజాలను.

చర్మము సంగతి వేరు. సిరా పైపొరలో నిలువదు, దాని క్రింది పొరలోనికి దిగవలెను. అచ్చటి రక్షక కణములు దానిని మ్రింగి పట్టుకొనును. అవి చచ్చునపుడు విడిచిన రంగును క్రొత్త కణములు మరల మ్రింగునని 2018లో ఫ్రాన్సు పరిశోధకులు ఎలుకలపై చూపిరి. అందుచేతనే యది చెరగదు. అయినను చేతి వెనుక ఎండయు రాపిడియు ఎక్కువ; గీతలు త్వరగా అలుకుకొనును. పసుపురంగు మన చామనచాయపై తేటగా కనబడదు. పోనీ, లేజరుతో తీయింతమన్నను నలుపు పోవునంత సులభముగా పసుపు పోదు. కొందరికి గాయము మానినచోట కండ పెరుగును. చెవి కుట్టినచోట నట్లయినదా యని యడిగితిని, లేదనెను. శుభ్రము కాని సూదివలన కాలేయమును చెరచు జాడ్యములు రక్తమున చేరగలవు. రక్తదానమునకు సైతము కొన్ని మాసములు అంగీకరింపరు. బ్రిటనులో నాలుగు, భారతదేశమున పండ్రెండు. వాడు ఉద్యోగమునకై తిరుగుచున్నవాడు. చేయి చొక్కాలో దాగదు.

నేను చెప్పినది యిది: చేయి వలదు, భుజము క్రింద పొడిపించుకొనుము. బంగారు రంగు వలదు, నల్లని గీతలు చాలును. మీ నాన్నగారి మూడవ ఆబ్దికము వరకు ఆగుము, అంతవరకు కలముతో గీచికొని చూడుము. పిమ్మట, మూడింటిలో ఏది నింపెదవని యడిగితిని. కొంతసేపు పలుకలేదు. “ధైర్యము నాన్నది, వివేకము అమ్మది, ఆ రెండును నింపెదను” అనెను. బలము మాటేమి యనగా, “అది ఖాళీగా నుండనిండు, మామయ్యా” అనెను.

మొన్న ఆదివారము భోజనమునకు పోతిని. వాని చొక్కాచేతి క్రింద సిరాగీతలు సగము చెమటకు కరగి కనబడెను. అక్క వానిని చూచి, ఏమియు ననక, పప్పు వడ్డించినది.