మారువేషపు శుభలేఖ

(మామయ్య ఉత్తరం)

పిల్లలూ,

ఈ నెల నాకు వచ్చిన ఉత్తరాలలో ఒకటి చదివాక మిగతావి పక్కన పెట్టేశాను. అది మేడ్చల్ నుంచి ఏడో తరగతి చదివే ఒక అబ్బాయి రాసినది. పేరు వేయవద్దన్నాడు, వేయను. ఉత్తరం మాత్రం మీరందరూ చదవాలి, మీ అమ్మానాన్నలు కూడా చదవాలి.

"మామయ్యగారికి నమస్కారం. మా నాన్న షామీర్‌పేటలో కూరగాయల కొట్టు నడుపుతారు. పోయిన నెల ఒక ఆదివారం నాన్న ఫోనుతో ఆడుకుంటున్నాను. మాకు తెలిసినవాళ్ళ నంబరు నుంచి 'పెళ్ళి శుభలేఖ' అని ఒక ఫైలు వచ్చింది. ఎవరి పెళ్ళో చూద్దామని తెరిచాను. శుభలేఖ కనిపించలేదు. అది ఏవేవో అడిగింది. అన్నిటికీ 'సరే' అని నొక్కాను. తరువాత ఫోను ఒక రకంగా ఉన్నది. నాకు భయం వేసింది. నాన్న కొడతారని చెప్పలేదు. మంగళవారం పొద్దున బ్యాంకులోంచి 18,400 రూపాయలు పోయాయి. అది అక్క కాలేజీ ఫీజు. బుధవారం రాత్రి ఏడ్చుకుంటూ చెప్పాను. మామయ్యగారూ, కంప్యూటర్లూ ఫోన్లూ మంచివా, చెడ్డవా? ఇక జన్మలో ఫోను ముట్టనని ఒట్టు పెట్టుకున్నాను. సరేనా?"

అబ్బాయీ, నీ ఆఖరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. సరి కాదు. ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టు. ఎందుకో చెబుతాను, విను.

కంప్యూటరు మీ జిల్లాకు పరాయిది కాదు. 1967లో ఈ నాటి మీ మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోనే ఇ.సి.ఐ.ఎల్. అనే ప్రభుత్వ సంస్థ వెలిసింది. ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా అని దాని పూర్తి పేరు. దానిని స్థాపించిన డాక్టర్ అయ్యగారి సాంబశివరావుగారు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు గ్రామంలో 1914లో పుట్టారు. బస్సు మీద నువ్వు చదివే ఏ.ఎస్. రావు నగర్ అన్న పేరు ఆయనదే. ట్రాంబేలోని శాస్త్రజ్ఞులూ ఈ సంస్థవారూ కలిసి టి.డి.సి-12 అనే కంప్యూటరును 1969లో మన దేశానికి అందించారు. టి.డి.సి. అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. మన పెద్దవాళ్ళు ఓటు వేసే యంత్రాలను తయారుచేసే రెండు ప్రభుత్వ సంస్థలలో ఇ.సి.ఐ.ఎల్. ఒకటి. ఇవన్నీ చేసినవాళ్ళు కంప్యూటరు మంచిదా, చెడ్డదా అని భయపడుతూ కూర్చోలేదు. అది ఎలా పనిచేస్తుందో నేర్చుకున్నారు.

కంప్యూటరుకు మంచీ చెడ్డా తెలియవు. అది చెప్పింది చెప్పినట్టు చేసే బంటు. చేయవలసిన పనులను వరసగా రాసి ఇచ్చిన ఆజ్ఞల పట్టీనే సాఫ్ట్‌వేర్ అంటారు. "ఇది రాసినవాడు దొంగా, దొరా?" అని బంటు అడగడు. అది అడగవలసినవాళ్ళం మనమే.

ఇక నీ దగ్గరకు వచ్చిన శుభలేఖ సంగతి చూద్దాం. నిజమైన శుభలేఖ అయితే బొమ్మగానో, కాగితం లాగానో ఉంటుంది. అటువంటి ఫైళ్ళ పేరు చివర జేపీజీ అనో, పీడీఎఫ్ అనో ఉంటుంది. నీకు వచ్చినదాని పేరు చివర ఏపీకే అని ఉండి ఉంటుంది. ఏపీకే అంటే ఫోనులో కొత్త ప్రోగ్రాంను దింపే మూట. నువ్వు తెరిచినది శుభలేఖ కాదు, వీధి తలుపు.

షామీర్‌పేట చెరువు నువ్వు చూసే ఉంటావు. వానాకాలంలో కట్ట మీద నిలబడితే అదొక సముద్రం లాగా కనిపిస్తుంది. పల్లెల్లో చెరువు తూము ఎవరు పడితే వాళ్ళు ఎత్తడానికి వీలులేదు. దానికి నీరటి ఉంటాడు. ఎవరి మడికి ఎంత నీరు వదలాలో అతను చూసుకుంటాడు. ఫోనులో కూడా ఒక నీరటి ఉన్నాడు. అతని పేరు ఆపరేటింగ్ సిస్టం. కొత్త ప్రోగ్రాం ఏది వచ్చినా అతను మన దగ్గరకు వచ్చి అడుగుతాడు: "అయ్యా, ఇది మీ సందేశాలు చదువుతానంటున్నది, చదవనివ్వనా? మీ తెలిసినవాళ్ళ నంబర్లు చూస్తానంటున్నది, చూడనివ్వనా?" నువ్వు చదవకుండా 'సరే' అని నొక్కావు. నీరటి తూము ఎత్తేశాడు.

ఆ తరువాత జరిగేది ఇది. దొంగ ఎక్కడో కూర్చుని మీ నాన్న ఖాతాలోంచి డబ్బు తీయబోతాడు. అది మీ నాన్నే అని తెలుసుకోవడానికి బ్యాంకు ఆయన ఫోనుకు ఒక రహస్య సంఖ్య పంపుతుంది. ఓటీపీ అంటే అదే. అది ఒక్కసారికే పనికివస్తుంది. ఆ మారువేషపు ప్రోగ్రాం ఆ సంఖ్యను చదివి చప్పుడు కాకుండా దొంగకు చేరవేస్తుంది. పైగా మీ ఫోనులో ఉన్న నంబర్లన్నిటికీ అదే శుభలేఖను పంపుతుంది కూడా. నీకు అది తెలిసినవాళ్ళ దగ్గరనుంచి వచ్చింది అందుకే. పాపం, వాళ్ళు పంపలేదు. వాళ్ళూ నీలాగే మోసపోయారు.

అందుచేత పిల్లలూ, ఒక చిన్న ప్రశ్న ఎప్పుడూ వేసుకోండి: "ఈ పనికి ఆ అనుమతి దేనికి?" శుభలేఖకు మన ఉత్తరాలు చదివే పని ఏమిటి? టార్చిలైటు ప్రోగ్రాంకు మన స్నేహితుల నంబర్లు దేనికి? జవాబు తోచకపోతే 'వద్దు' అని నొక్కండి. ఏమీ నష్టం లేదు.

"సరే, నేను దేన్నీ తెరవను. అప్పుడు దొంగ రాలేడు గదా?" అని మీలో ఎవరో అడుగుతున్నారు. ఒక్కొక్కప్పుడు అలా కూడా వస్తాడు. 2017 మే 12వ తేదీన వాన్నాక్రై అనే దొంగ ప్రోగ్రాం ఎవరూ ఏదీ తెరవకుండానే కంప్యూటరు నుంచి కంప్యూటరుకు పాకింది. దాదాపు 150 దేశాలలో 2 లక్షలకు పైగా కంప్యూటర్లలో ఉన్న ఫైళ్ళకు తాళాలు వేసి, "300 డాలర్లు ఇస్తే గాని తీయను" అన్నది. ఇంగ్లాండులో ఆసుపత్రులు రోగులను వెనక్కు పంపవలసి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు స్టేషన్ల కంప్యూటర్లు కూడా దాని పాలబడ్డాయి. దొంగలు పోలీసు స్టేషనుకే తాళం వేశారన్నమాట!

అది ఎలా దూరింది? విండోస్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక గండి ఉన్నది. దానిని తయారుచేసిన మైక్రోసాఫ్ట్ కంపెనీ ఆ గండి పూడ్చే అప్‌డేట్‌ను మార్చి 14వ తేదీనే ఇచ్చింది. అంటే దొంగ రావడానికి సుమారు రెండు నెలల ముందే. దానిని వేసుకున్నవాళ్ళ కంప్యూటర్లలోకి ఆ గండి గుండా దొంగ రాలేకపోయాడు. వేసుకోనివాళ్ళ కట్ట తెగింది. ఫోను "అప్‌డేట్ చేయమంటారా?" అని అడిగితే "రేపు, రేపు" అని తోసేసేవాళ్ళు మీ ఇంట్లో ఎవరైనా ఉన్నారా? వాన వచ్చాక కట్ట వేస్తామన్నట్టే ఉంటుంది ఆ మాట.

ఇందులో ఇంకొక విశేషం ఉన్నది. వాన్నాక్రై కొత్త కంప్యూటరులో అడుగుపెట్టగానే ఇంటర్నెట్టులో ఒక వింత చిరునామా కోసం వెతికేది. అది దొరక్కపోతేనే తన పని మొదలుపెట్టేది. ఇంగ్లాండులో ఒక 22 ఏళ్ళ యువకుడు ఆ ప్రోగ్రాంను విప్పి చూస్తూ ఈ చిరునామాను గమనించాడు. అది ఎవరి పేరా లేదు. అతను దానిని తన పేర నమోదు చేయించాడు. అంతే! దొంగ ప్రోగ్రాంకు చిరునామా దొరికింది, కొత్త కంప్యూటర్లలో ఎక్కడికక్కడ అది ఆగిపోయింది. తాళం వేసిన విద్యా, దొంగను ఆపిన విద్యా ఒకటే. మేడ్చల్ అబ్బాయీ, ఫోను ముట్టనని ఒట్టు పెట్టుకుంటే నువ్వు రేపు దొంగను ఆపేవాడివి ఎలా అవుతావు? మీ షామీర్‌పేటలోనే 2008 నుంచి బిట్స్ పిలానీవారి విద్యాలయం ఉన్నది. అక్కడ ఎంతోమంది ఈ విద్యనే చదువుతున్నారు.

ఇప్పుడు కొంచెం లెక్క చేద్దాం. పలకా బలపం తీయండి. 4 అంకెల పిన్‌ను ఎన్ని రకాలుగా పెట్టవచ్చు? 0000 నుంచి 9999 వరకు 10,000. 6 అంకెలయితే 10 లక్షలు. ఇంగ్లీషు చిన్న అక్షరాలు ఎనిమిదింటితో పాస్‌వర్డ్ పెడితే, 26ను ఎనిమిదిసార్లు వేసి గుణించాలి. సుమారు 20,882 కోట్లు వస్తుంది. అబ్బో అనిపిస్తుంది గదూ? కాని సెకనుకు 100 కోట్ల పాస్‌వర్డ్‌లను ప్రయత్నించే యంత్రానికి ఇది మూడున్నర నిమిషాల పని! అదే 12 అక్షరాలు పెడితే దానికి మూడేళ్ళు పడుతుంది. 16 అక్షరాలు పెడితే 13 లక్షల సంవత్సరాలు దాటుతుంది. ఎనిమిదికి ఎనిమిది కలిపితే మూడున్నర నిమిషాలు లక్షల ఏళ్ళయినాయి. అందుచేత పాస్‌వర్డ్‌కు వంకర అక్షరాల కన్న పొడుగు ముఖ్యం. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు మాటలు గుచ్చి పెట్టుకోండి. చెల్లెలి పేరూ, పుట్టిన సంవత్సరమూ మాత్రం వద్దు. దొంగ లెక్క మొదలుపెట్టేది వాటితోనే.

అయితే ఎంత పొడుగు తాళం వేసినా, మనమే తీసి ఇస్తే లాభం లేదు. పిన్ అనేది మన డబ్బు బయటకు పంపడానికే. డబ్బు పుచ్చుకోవడానికి పిన్‌తో పనిలేదు. "మీకు బహుమతి వచ్చింది, పిన్ కొట్టండి" అన్నవాడు దొంగ. "నేను పోలీసును, మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాను, ఫోను ముందు నుంచి కదలవద్దు" అన్నవాడూ దొంగే. మన చట్టంలో అటువంటి అరెస్టు లేనే లేదని 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి రేడియోలో చెప్పారు. ఇలా ఇంకొకరి వేషం వేసి కంప్యూటరు ద్వారా మోసం చేసినవాడికి, 2000 సంవత్సరపు ఐటీ చట్టం ప్రకారం మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

ఇక మేడ్చల్ నాన్నగారితో, ఈ పత్రిక చదివే తల్లిదండ్రులందరితో ఒక మాట.

మీ అబ్బాయి తప్పు చేశాడని మీకు కోపం ఉండవచ్చు. కష్టార్జితం పోయింది, బాధ ఉండదా? కాని ఆదివారం ఫైలు తెరిచాడు, మంగళవారం డబ్బు పోయింది. మధ్యలో రెండు రోజులు ఉన్నాయి. ఆ రెండు రోజులూ వాడి నోరు నొక్కినది దొంగ కాదు, దెబ్బల భయం. ఆదివారమే చెప్పి ఉంటే ఇంటర్నెట్టు ఆపి, ఖాతా నిలిపివేయించి, ఆ డబ్బును కాపాడుకునేవారు. పిల్లలను ఎంత గట్టిగా భయపెడితే దొంగకు అంత వ్యవధి దొరుకుతుంది. నా అభిప్రాయం అడిగితే, ఇంట్లో ఉండవలసిన అన్నిటికన్న గట్టి తాళం, "ఏం జరిగినా నాతో చెప్పు, కొట్టను" అన్న మాట. అది ఏ బజారులోనూ అమ్మరు. తప్పు దొంగది. మోసపోయిన పిల్లవాడిని దొంగ పక్కన నిలబెట్టకండి.

పొరపాటున ఎవరైనా అటువంటి ఫైలు తెరిస్తే ఏం చేయాలో గోడ మీద రాసి పెట్టుకోండి. వెంటనే ఫోనుకు ఇంటర్నెట్టు ఆపేయాలి. పెద్దవాళ్ళతో చెప్పాలి. ఇంకొక ఫోను నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా నిలిపివేయించాలి. డబ్బు పోతే ఆ నిమిషమే 1930కి ఫోను చేయాలి. దొంగ డబ్బును ఒక ఖాతానుంచి ఇంకొక ఖాతాకు పరిగెత్తిస్తాడు. మనం ముందుగా చెబితే అది దారిలో ఉండగానే ఏదో ఒక బ్యాంకులో పట్టి ఆపవచ్చు. ఆలస్యమైనా ఫిర్యాదు మానకూడదు. వచ్చిన సందేశాలు చెరిపివేయకండి, అవే సాక్ష్యం. మేడ్చల్ అబ్బాయీ, ఈ ఉత్తరం నాన్నకు చూపించి, ఫిర్యాదు ఇచ్చారో లేదో అడుగు. ఇవ్వకపోతే ఇవాళే ఇద్దరూ కలిసి ఇవ్వండి. ఆ తరువాత ఆ ఫోనులో ఏ ప్రోగ్రాంకు ఏ అనుమతి ఉన్నదో నాన్న పక్కన కూర్చుని నువ్వే చూడు. ఆ పని నీకు అప్పగిస్తున్నాను.

మిగతా పిల్లలకు ఈ నెల లెక్క: ఒక అంకె రెండోసారి రాకుండా 4 అంకెల పిన్‌లు ఎన్ని పెట్టవచ్చు? సున్నతో మొదలుపెట్టవచ్చు. జవాబు రాసి పంపండి. మీ ఇంటి పిన్ మాత్రం నాకు రాయకండి!

మీ
మామయ్య