రెండు పేర్లు, ఒక సర్టిఫికెట్

ఆదివారం మందిరంలో యోహాను, సోమవారం తహసీల్దారు ఆఫీసులో ఎల్లయ్య. వర్ధన్నపేట నుంచి ఖమ్మం వైపు రోడ్డు పట్టుకుని పోతే ఎస్సీ కాలనీల్లో ఈ రెండు పేర్ల లెక్క తెలియనివారు ఉండరు. పైకి అనేవారే ఉండరు. కష్టకాలంలో విశ్వాసి వివేకంగా బతకాలని సంఘాల్లో ప్రసంగాలకు లోటు లేదు. కాని ఆ వివేకం చివరికి ఒక్క సలహాలో ఇమిడిపోతోంది: మీసేవ ఇచ్చిన కుల సర్టిఫికెట్ మీద ఉన్నదాన్ని కదపకు, బడిలో, ఆఫీసులో నోరు విప్పకు. పాములా వివేకంగా, పావురంలా నిష్కపటంగా ఉండమన్న సువార్తలో పాము పాఠం ఒక్కటే మనవాళ్లకు గట్టిగా అబ్బింది. ఇలా దాచుకోవడం వల్ల కుటుంబం గట్టెక్కుతుందేమో గాని, సంఘం మాత్రం తన న్యాయమైన కొట్లాటను తానే పోగొట్టుకుంటోందని నా అభిప్రాయం.

ముందు చట్టం సంగతి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వులో మూడో పేరా ఉంది. హిందువు కానివారిని షెడ్యూల్డు కులంవారిగా లెక్కించకూడదన్నది దాని సారం. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరిచారు. క్రైస్తవులకు, ముస్లింలకు తెరవలేదు. ఆ పేరాను తీసేయాలని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ సిఫారసు చేసింది. 2004లో సుప్రీంకోర్టులో వేసిన పిటిషన్‌కు రెండు దశాబ్దాలైనా తుది తీర్పు రాలేదు. 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను వేశారు, గడువులు పొడిగించారు. ఈలోగా 2024 నవంబరులో సుప్రీంకోర్టు, రిజర్వేషన్ కోసమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనంది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇంకో అడుగు వేసి, ఒక పాస్టరు పెట్టిన అట్రాసిటీ కేసు కొట్టేసింది. మతం మారిన నాడే ఎస్సీ హోదా పోయిందని కారణం చెప్పింది. అంటే కులం పేరుతో తిట్టినవాడికి అతడు మాదిగో మాలో గుర్తుంటుంది, కాపాడాల్సిన చట్టానికి గుర్తుండదు. మతం మారిన ఎస్సీలకు మన దగ్గర మిగిలింది బీసీ-సీలో ఒక్క శాతం రిజర్వేషన్.

ఇంత కష్టం ఈనాటిదే అనుకుంటే పొరపాటు. 1866 ప్రాంతంలో తాళ్లకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య, తోళ్ల వ్యాపారం చేసే మాదిగ, ఒంగోలు మిషన్‌కు వచ్చాడు. ఆయన వెంట వచ్చినవారికి పెట్టిన నియమాలు మూడే: ఆదివారం పని చేయొద్దు, చచ్చిన పశువు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. ఇప్పుడు వింటే చాదస్తంలా ఉంటాయి. ఆ రోజుల ఊళ్లో పెట్టి చూడండి. కళేబరం మాంసం మాదిగకు కూలిలో భాగం. జాతరలో డప్పు అతని విధి. ఆదివారం కూడా ఆసామి పొలంలో పని పడుతుంది. మూడు నియమాలు కలిసి ఊరి పద్ధతినే కాదన్నాయి. అందుకే ఊరి పెద్దల కోపానికి గురయ్యారు, బావి నీళ్లు, అంగడి సరుకు దొరకని రోజులూ చూశారు. వాళ్లు దాక్కోలేదు, దాక్కోలేరు కూడా. డప్పు కొట్టనివాడిని ఊరంతా చూస్తుంది.

ఇక 1876-78 కరువు. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. మట్టి తట్టలు మోసే జనానికి కూలి దొరికింది, మేస్త్రీలుగా తన ప్రసంగీకులనే పెట్టాడు. బాప్తిస్మం కావాలని వేల మంది అడిగితే, ఇంచుమించు పదిహేను నెలలు ఇవ్వలేదు. కూలికీ బాప్తిస్మానికీ నడుమ గీత గీశాడు. కరువు పని ముగిశాక 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ప్రసంగీకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ నీళ్లలో నిలబడ్డారు. మరుసటి ఏడు, 1879లో, అమెరికన్ బాప్టిస్టులు హనుమకొండకు వచ్చారు. వర్ధన్నపేట వైపు సంఘాలకు కూడా మూలం ఆ పరంపరలో ఉంది.

తిండి పెట్టిన కృతజ్ఞతే ఆ వేల మందిని లాగిందని ఎవరైనా అనొచ్చు. అందులో నిజం లేకపోలేదు, కృతజ్ఞత లేని మనిషి ఎవరు? కాని కృతజ్ఞతను లంచంగా మార్చకుండా ఆపినవాడి పద్ధతి, ఈరోజు సహాయం చేసేటప్పుడు పేరు రాయించుకునే సంఘాలకు పాఠం కావాలి. ఆ గీత చెరిపితే ‘మతమార్పిడి కోసమే సేవ’ అనేవారి నోటికి మాట మనమే అందించినట్టు.

దీనికన్నా బరువైన అభ్యంతరం ఉంది. పిల్లాడి హాస్టల్ సీటు, ఫీజు రీయింబర్స్‌మెంటు, ఉద్యోగం పోతే ఆ నష్టం తీర్చేదెవరు? పట్నంలో ఆంగ్ల ఆరాధనకు కారులో వచ్చేవారికి ధైర్యం చెప్పడం తేలిక. నిజమే. ఎల్లయ్యను నేను తప్పుపట్టను. తప్పు ఒక కులపు గాయాన్ని మతం చూసి కొలిచే పేరాది. రెండో తప్పు, తమ సంఘస్తులు ఎవరో ఒక్క కాగితం మీద కూడా లేకుండా చూసుకుంటూ, ఆ పేరా మార్చమని ఎన్నికలప్పుడు వినతిపత్రం ఇచ్చే పెద్దలది. లెక్కలో లేని జనం పేరున చేసే డిమాండుకు ఏ ప్రభుత్వం జడుస్తుంది? పేరయ్య మనుషులకు దాక్కునే వీలు లేకపోయింది గనుక వారి సంఖ్య అందరికీ తెలిసింది. ఇప్పుడు ఉన్న వీలే బలహీనత అయింది. ఎవరినీ ఒంటరిగా సర్టిఫికెట్ వదులుకోమని నేననను, అది తలబిరుసు. ఒక్క కుటుంబం మీద పడే భారాన్ని సంఘమంతా ఫీజుల రూపంలో, వకీలు ఖర్చు రూపంలో పంచుకునే ఏర్పాటు చేయకుండా ‘సాక్ష్యంగా జీవించండి’ అనడం మాత్రం అన్యాయం.

కలిసి కొట్లాడితే ఫలితం వస్తుందనడానికి ఉదాహరణ దగ్గర్లోనే ఉంది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో ఎస్సీ వర్గీకరణ అమల్లోకి వచ్చింది. మాదిగలకు, మాలలకు వాటాలు వేరయ్యాయి. ముప్పై ఏళ్ల పోరాటం ఫలించింది. ఆ పోరాటంలో నినాదాలిచ్చినవారిలో ఆదివారం బైబిలు పట్టుకునేవారు ఎందరో ఉన్నారు. వర్ధన్నపేట అసెంబ్లీ స్థానం ఎస్సీ రిజర్వుడు. అయినా క్రైస్తవుడినని కాగితం మీద రాసుకున్న మాదిగ ఇక్కడ ఓటు వేయొచ్చు, ప్రచారం చేయొచ్చు, డప్పు కూడా కొట్టొచ్చు. నామినేషన్ మాత్రం వేయలేడు.