మైలేజీ అడిగితే నామోషీయా?

ఖరీదైన స్పోర్ట్స్ కారు యజమానిని “లీటరుకు ఎంత ఇస్తుందండీ?” అని అడగటం అనాగరికమట. అది చిన్నకార్ల వాళ్ల బుద్ధి అట. ఈ మాట ఇంతకు ముందు ఒకటి రెండు చోట్ల చదివి నవ్వుకుని ఊరుకున్నాను గానీ, మా మేనల్లుడి నోటా విన్నాక ఇక ఊరుకోవటం భావ్యం కాదనిపించింది.

మావాడు హైదరాబాదు నుంచి నిడదవోలు తెచ్చిన వాహనానికి ఎనిమిది సిలిండర్లు, నాలుగు లీటర్ల ఇంజిను, అయిదువందల చిల్లర అశ్వశక్తి, రెండే రెండు సీట్లు. (తయారీదారు పేరు ఇక్కడ అప్రస్తుతం.) రైలు గేటు పడి ఆగినచోట, పక్కన సైకిలు పట్టుకుని నిలబడ్డ ఒక పెద్దాయన కారును ఎగాదిగా చూసి “ఎంతిత్తాదండీ లీటరుకి?” అన్నాడు. మావాడు చిరునవ్వు నవ్వి అద్దం ఎత్తేశాడు. “ఇలాంటి బండికి అది అడక్కూడదు మావయ్యా” అన్నాడు నాతో.

ఎందుకు అడక్కూడదు? ఆ యంత్రం గురించి అడగదగిన ప్రశ్నలన్నిటిలోకీ తెలివైన ప్రశ్న అదేనని నా వాదన. అశ్వశక్తి ఎంత, గరిష్ఠవేగం ఎంత అన్నవి ఆ కారు చేయగలిగిన వాటి గురించిన ప్రశ్నలు. మైలేజీ ఒక్కటే అది నిజంగా చేస్తున్న పని గురించిన ప్రశ్న.

చదునైన రోడ్డు మీద గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో సాఫీగా పోవటానికి మామూలు కారుకు కావలసింది ఉజ్జాయింపుగా పది అశ్వాల శక్తి. అంటే మన కాలువ గట్ల రోడ్ల మీద ఆ అయిదువందల గుర్రాల్లో నాలుగువందల తొంభై ఊరికే నిలబడి మేత మేస్తుంటాయి. ఇది అలంకారం కాదు. పెట్రోలు ఇంజిను నిండు బరువు మీద ఉన్నప్పుడే పొదుపుగా పనిచేస్తుంది. తక్కువ శక్తి చాలన్నప్పుడు గాలి వెళ్లే దారిని దాదాపు మూసేస్తారు. ఇంజిను ముక్కు బిగబట్టుకుని ఊపిరి పీల్చినట్టు ఆ సందులోంచే గాలి లాక్కోవాలి. ఆ లాగటానికి కొంత, ఎనిమిది పిస్టన్ల రాపిడికి కొంత ఇంధనం ఖర్చయిపోతుంది. ఒక్క మనిషి అన్నానికి పెళ్లి గుండిగ పొయ్యి మీదకు ఎక్కించినట్టు! కొన్ని కంపెనీలు నెమ్మదిగా పోయేటప్పుడు సగం సిలిండర్లను నిద్రపుచ్చే ఏర్పాటు చేశాయి. గొప్ప ఇంజనీరింగే, కాదనను. కానీ ఆ సగం ఇంజిను అక్కర్లేదని తయారుచేసినవాడే ఒప్పుకున్నట్టు కాదూ?

“అయితే వేగంగా పోతాను” అంటాడు మావాడు. పోనీ, పోనిద్దాం. అక్కడ గాలి కాచుకుని ఉంటుంది. వేగం రెట్టింపయితే గాలి అడ్డు నాలుగు రెట్లు, దాన్ని చీల్చుకుపోవటానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లు. 2005లో వచ్చిన బుగాటీ వేరాన్ సంగతి వాహనప్రియులందరికీ తెలిసిందే. వెయ్యిన్నొక్క అశ్వశక్తి, వంద లీటర్ల ట్యాంకు. గంటకు 400 దాటిన పూర్తి వేగంతో పోతే ఆ ట్యాంకు సుమారు పన్నెండు నిమిషాల్లో ఖాళీ. నిడదవోలులో బయలుదేరితే ఏలూరు దాటీ దాటగానే ఆగిపోతుందన్నమాట. నెమ్మదిగా ఊళ్లో తిప్పితేనో? అమెరికా ప్రభుత్వ కొలతల్లో నగరంలో గాలనుకు 8 మైళ్లు, అంటే లీటరుకు మూడున్నర కిలోమీటర్లు కూడా లేదు. మెల్లగా పోతే ఇంజిను తింటుంది, జోరుగా పోతే గాలి తింటుంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

ఇక్కడ వాళ్ల దగ్గరొక బ్రహ్మాస్త్రం ఉంది. 2008లో టాప్ గేర్ అనే బ్రిటిష్ టీవీ కార్యక్రమంలో టయోటా ప్రియస్‌ను పందెపు బాట మీద శక్తికొద్దీ తరిమి, దాని వెనకాలే బీఎండబ్ల్యూ ఎం3ని తాపీగా నడిపించారు. ప్రియస్‌కు గాలనుకు 17.2 మైళ్లు వచ్చింది, ఎం3కి 19.4. “చూశారా, ఏ కారన్నది కాదు, ఎలా నడిపారన్నదే ముఖ్యం!” సరే, కానీ ఆ పరీక్షలో నడిపిన తీరు ఒకరిది పరుగు, ఇంకొకరిది షికారు. చిన్న ఇంజినుకు ఊపిరాడని వేగంలో పెద్ద ఇంజినుకు తగినంత పని దొరికింది, అంతే. అలాంటి వేగం మన రోడ్ల మీద ఎక్కడ సాధ్యమో చెప్పండి. గేటు దగ్గర ఆగిన పది నిమిషాల్లో ఆ రెండు కార్లనూ పోల్చి చూపమనండి. (ఆగినప్పుడు ఇంజినును దానంతటదే ఆపే మీట కొత్త కార్లలో ఉంటుంది. మావాడు ఎక్కగానే చేసే మొదటి పని దాన్ని పనిచేయకుండా చెయ్యటం. ఆ గుర్రుమనే చప్పుడు వినబడకపోతే ఆయనకు తోచదు.)

నిజానికి ఈ లెక్క మా డెల్టాకు కొత్త కాదు. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక, విజ్జేశ్వరం దగ్గర మొదలైన పడమటి డెల్టా కాలువలు పొలాలకే గాక పడవలకూ దారులయ్యాయి. మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో లాగితే బస్తాలకు బస్తాల ధాన్యం కదిలిపోయేది. రైళ్ల కంటే పడవ కాలువలే చవకని కాటన్ దొర 1878లో బ్రిటిష్ పార్లమెంటు సంఘం ఎదుట వాదించాడు. ఆ వాదన ఓడిందని నిడదవోలు జంక్షనే సాక్ష్యం చెబుతుంది. అయినా ఆయన అడిగిన ప్రశ్న మాత్రం ఆ సైకిలు పెద్దాయన ప్రశ్నే: ఇంత బరువు ఇంత దూరం పోవటానికి ఎంత ఖర్చు? డెబ్భై కిలోల మనిషిని మోయటానికి పదహారు వందల కిలోల పైచిలుకు లోహాన్ని ఈడ్చుకుపోయే వాహనానికి ఆ ప్రశ్న ఇబ్బందిగానే ఉంటుంది.

ఇక చివరి మాట ఒకటి ఉంటుంది: “నా డబ్బు, నా పెట్రోలు.” డబ్బు నీదే నాయనా, కాదన్నదెవరు? పెట్రోలు మాత్రం నీది కాదు. మన దేశం వాడే ముడిచమురులో నూటికి 85 పాళ్లకు పైగా బయటినుంచి తెచ్చుకుంటున్నదే. మిగిలినది తీసేచోట ఏం జరుగుతుందో గోదావరి జిల్లాల వాళ్లకు వేరే చెప్పాలా? 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గ్యాసు గొట్టం పేలి, పడుకున్నవాళ్లు పడుకున్నట్టే కాలిపోయారు. చనిపోయినవారు ఇరవైమంది పైనే. అది గ్యాసు, నా ట్యాంకులోది పెట్రోలు అంటాడని తెలుసు. ఒప్పుకున్నాను. ఇంధనం బంకులో పుట్టదని, దాని అసలు ఖరీదు బిల్లులో పూర్తిగా పడదని చెప్పటమే నా ఉద్దేశం.

అమెరికా వాళ్లు విలాసాలకు పెట్టింది పేరు గదా. వాళ్లు కూడా 1978 చట్టంతో గాలనుకు 22.5 మైళ్లు ఇవ్వని కార్ల మీద వేరే పన్ను పెట్టారు. మనదగ్గర ఇంజిను సీసీని, కారు పొడవునూ కొలిచి పన్ను వేస్తారు. దాని దాహాన్ని మాత్రం కొలవరు.

మరో సంగతి. కంపెనీలు ప్రకటించే మైలేజీకి మన దేశంలో ఇన్నాళ్లూ వాడిన పరీక్షలో గరిష్ఠవేగం గంటకు 90 కిలోమీటర్లు. మూడువందల వేగం చూపి అమ్మే కారు మైలేజీని తొంభై లోపు కొలిచి ప్రకటిస్తే అది ఏ కారు మైలేజీ? ప్రకటనలో ఆ అంకె పక్కనే నూట యాభై దగ్గర కొలిచిన అంకె, బండి నిలబడి గుర్రుమంటున్నప్పుడు గంటకు ఎన్ని లీటర్లు తాగుతుందో ఆ అంకె కూడా అచ్చువేయాలని నా కోరిక. వేగాన్ని అంత పెద్ద అక్షరాల్లో వేసుకునేవారికి ఈ రెండూ వేయటానికి అభ్యంతరమేమిటో, ఈ బళ్ల అభిమానులు ఎవరైనా చెబితే వింటాను.